దీపం వెలిగితేనే గోపురం, పని సాగితేనే ఇల్లు

కడప జిల్లాలోని మా వీరపునాయునిపల్లె నుంచి ఏ దిక్కుకు పోయినా ముందు రాయే ఎదురవుతుంది. ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనులు, వేంపల్లె వైపు కొండలు, పులివెందుల దారిలో చీనీ తోటల పక్కనే రాళ్ల బీళ్లు. ఈ నేల మీది మనిషికి లైట్‌హౌస్‌ల మీద మనసు పోవడం చాలామందికి వింతగా తోస్తుంది. కానీ మా వాన నీళ్లూ చివరికి సముద్రానికే పోతాయి. పాపాఘ్ని కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. ఆ నీళ్ల దారి పట్టి నేనూ కోస్తాకు పోయాను. అక్కడి నుంచి పైకి విజయనగరం దాకా, కిందికి తిరువయ్యారు దాకా తిరిగాను. పోయినచోటల్లా రెండు రకాల కట్టడాలు వెతుక్కున్నాను. ఒకటి, ఓడలకు దారి చూపే లైట్‌హౌస్‌లు. రెండోది, కవులు, చిత్రకారులు, వాగ్గేయకారులు పనిచేసిన ఇళ్లు.

ఈ రెంటికీ ఏం సంబంధమని అడుగుతారు. నాకు తెలిసిన సంబంధం ఒక్కటే. రెండూ ఎక్కడో దూరాన ఉన్నవాళ్ల కోసం నిలబడతాయి. దీపం ముట్టించే మనిషికి ఆ వెలుగు చూసి ఒడ్డు చేరే మనిషి ముఖం తెలియదు. పాట కట్టినవాడికి రెండు వందల ఏళ్ల తర్వాత దాన్ని పాడే పిల్ల పేరు తెలియదు. అందుకే ఈ రెండు కట్టడాల విలువ గోడల్లో లేదు, వాటిలో జరిగే పనిలో ఉంది. ఆ పని ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూస్తేనే, మన జిల్లాలో మనం ఏం కాపాడుకోవాలో, ఎలా కాపాడుకోవాలో తెలుస్తుంది.

గాజులో దాచిన లెక్క

లైట్‌హౌస్ అనగానే అందరూ గోపురం ఎత్తునే తలుచుకుంటారు. ఎత్తు అవసరమే. భూమి గుండ్రంగా ఉంది కనుక దూరపు ఓడకు దీపం కనపడాలంటే అది ఎత్తున ఉండాలి. దీనికి నావికులు వాడే లెక్క ఒకటుంది. దీపం సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో ఆ అంకెకు వర్గమూలం కట్టి 2.08తో గుణిస్తే, దాని వెలుగు ఎన్ని నాటికల్ మైళ్ల దాకా నీటి అంచు దాటి కనపడుతుందో వస్తుంది. 25 మీటర్ల ఎత్తున దీపం ఉంటే 10.4 మైళ్లు. పడవలో చూసేవాడి కన్ను నీటికి 4 మీటర్ల పైన ఉంటే అతని వాటా మరో 4.2 మైళ్లు. రెండూ కలిపితే పద్నాలుగున్నర నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 27 కిలోమీటర్లు. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ పెట్టడంలోని తెలివి ఇదే. ఎత్తులో చాలా భాగం కొండే ఇచ్చేస్తుంది.

అయితే ఎత్తు ఎంత ఉన్నా నూనె దీపపు వెలుగు నాలుగు వైపులా చెదిరిపోతే అంత దూరం చేరదు. చెదిరే వెలుగును పోగుచేసి సముద్రం వైపు మళ్లించాలి. పాత రోజుల్లో దీపం వెనక మెరుగుపెట్టిన లోహపు అద్దాలు నిలిపేవారు. వాటిలో చాలా వెలుగు వృథా అయ్యేది. మందమైన కుంభాకార కటకం పెడదామంటే, దీపస్తంభానికి సరిపడే కొలతలో దాని బరువు మోయలేనంత, దాని మందంలోనే వెలుగు ఇంకిపోయేంత. ఈ చిక్కును ఫ్రాన్సు ఇంజనీరు ఆగస్టిన్ ఫ్రెనెల్ విప్పాడు. కటకంలో కాంతిని వంచేది దాని పైతలం వాలు మాత్రమే, లోపలి గాజంతా ఉత్త బరువు. కొండ వాలును కొట్టి మెట్లుమెట్లుగా మడులు కట్టినట్టు, ఆయన కటకాన్ని వలయాలు వలయాలుగా కోసి, వాలును ఉంచి మందాన్ని తీసేశాడు. 1823లో గిరోండ్ నది ముఖద్వారంలోని కోర్దువాన్ లైట్‌హౌస్‌లో ఆ కటకం మొదటిసారి వెలిగింది. నాలుగేళ్లకే, 39 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు. ఆ తర్వాత ప్రపంచమంతటా రేవులు ఆయన గాజును వాడుకున్నాయి.

అలాంటి కటకాన్ని దగ్గర నుంచి చూడాలి. పెద్ద తరగతి కటకమైతే మనిషి కంటే ఎత్తుగా, ఇత్తడి చట్రంలో నిలబడి ఉంటుంది. నడుమ గుండ్రటి బొడ్డు లాంటి భాగం, దాని చుట్టూ వలయాలు, పైనా కిందా వాలుగా పేర్చిన పట్టకాలు. ఏ రెండు వలయాల వాలూ ఒక్కలా ఉండదు. నడుమనున్నవి కాంతిని వంచి పంపుతాయి, అంచుల్లోవి లోపలే పరావర్తనం చేసి తిప్పుతాయి. ఎన్ని ముక్కలున్నా వాటన్నిటి గమ్యం ఒకటే, ఒక్క దీపం వెలుగు ఒక్క కట్టగా సముద్రం మీదికి పోవడం. గాజును సానపట్టిన పనివాళ్ల పేర్లు మనకు తెలియవు. కానీ వలయం అంచున వేలు ఆనించి చూస్తే, ఆ కొలత ఎంత నిక్కచ్చిదో చర్మానికే తెలుస్తుంది.

ఇంత కటకానికి పగలు ఒక ప్రమాదం ఉంది. లోపలి వెలుగును బయటికి పంపే గాజే బయటి ఎండను లోపలికి పోగుచేస్తుంది. సూర్యుడి వేడి నేరుగా దీపం మీదికి చేరితే దీపం పాడవుతుంది, మంట కూడా అంటుకోవచ్చు. అందుకే పొద్దు పొడవగానే లాంతరు గది చుట్టూ తెరలు దించడం, పొద్దు గూకేముందు తీయడం కాపలావాళ్ల నిత్యకృత్యంగా సాగింది. కిరోసిన్ ఆవిరి మాంటిల్ దీపాలున్న కాలంలో మసి తుడవాలి, మాంటిల్ మార్చాలి. కటకం తిరిగేందుకు వేలాడే బరువును చేత్తో చుట్టి పైకెక్కించాలి. టన్నుల బరువున్న కటకం తేలిగ్గా తిరగడానికి దాన్ని పాదరసపు తొట్టెలో తేల్చేవారు, ఆ పాదరసాన్నీ శుభ్రం చేయాలి. ఉప్పు గాలి గాజుకు పట్టించిన మరకలు రోజూ తుడవాలి. ఇందులో గొప్పగా చెప్పుకునే పని ఒక్కటీ లేదు. వీటిలో ఏ ఒక్కటి ఒక్క రాత్రి తప్పినా గోపురం మాత్రం పనికిరాదు.

స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ దలేన్ చీకటి పడగానే దానంతటదే దీపం వెలిగి, తెల్లవారగానే ఆరిపోయే కవాటం కనిపెట్టి 1912లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అదే ఏడాది ఒక పేలుడులో ఆయన చూపు పోయింది. లక్షల మంది కళ్లకు దారి చూపిన మనిషి మిగతా జీవితం చూపు లేకుండానే పనిచేశాడు. ఇప్పుడు విద్యుత్ దీపాలు, సౌరఫలకాలు, దూరం నుంచే నడిపే యంత్రాలు వచ్చాయి. అయినా గాజు తుడిచే చేయి ఇంకా కావాలి.

చీకటినీ లెక్కపెట్టాలి

విజయనగరం జిల్లా చింతపల్లి ఒడ్డున, పాత రికార్డుల్లో శాంతపిల్లి పేరుతో కనిపించే లైట్‌హౌస్ ఉంది. ఆ ఒడ్డుకు ఎదురుగా సముద్రంలో రాళ్లున్నాయి. ఓడలు వాటికి తగలకుండా 1847లో అక్కడ దీపం పెట్టారు. మన తీరంలోని పాత లైట్‌హౌస్‌లలో అదొకటి. శ్రీకాకుళం జిల్లా కళింగపట్నంలో దీపం 1876 నాటిది.

వరుసగా ఇన్ని దీపాలుంటే రాత్రి పూట నావికుడికి ఏది ఏదో ఎలా తెలుస్తుంది? లైట్‌హౌస్ విద్యలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకున్నది దీనికి జవాబే. ప్రతి దీపానికీ తనదైన నడక ఉంటుంది. ఒకటి పది సెకన్లకోసారి మెరుస్తుంది. ఇంకొకటి రెండు మెరుపులు వెంటవెంటనే ఇచ్చి ఆగుతుంది. ఒకటి వెలుగుతూనే ఉండి క్షణం పాటు ఆరుతుంది. మరొకదాంట్లో వెలుగూ చీకటీ సరిసమానంగా ఉంటాయి. ఓడ మీద ఉన్నవాడు గడియారం పట్టుకుని మెరుపుకూ మెరుపుకూ మధ్య ఉన్న చీకటిని లెక్కపెడతాడు. తన దగ్గరున్న దీపాల పట్టికలో ఆ లెక్క ఎక్కడుందో చూసుకుంటాడు. ఆ చీకటి కొలతే దీపానికి పేరు. అది తప్పితే, ఎంత వెలుగున్నా ఓడను తప్పుదారి పట్టిస్తుంది. పగటి పూట ఆ గుర్తింపును గోపురం మీద వేసిన రంగుల పట్టీలు ఇస్తాయి. నలుపు తెలుపు అడ్డపట్టీలు అందం కోసం వేసినవి కావు, దూరం నుంచి గుర్తుపట్టడానికి వేసినవి.

ఆ ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని, ఫోన్లలో జీపీఎస్ వచ్చాక ఈ దీపంతో పనేముందని అడిగాను. "ఫోను తడిసిపోద్ది బాబూ, ఛార్జింగు ఐపోద్ది. లైటు అక్కడే ఉంటాది గదా. అది కనపడితే చాలు, ఇల్లొచ్చేసినట్టే" అన్నాడు. నావికుల లెక్కకూ ఆయన మాటకూ తేడా లేదు. పరికరం ఎంత మంచిదైనా, దాన్ని సరిచూసుకోవడానికి కదలకుండా నిలిచిన గుర్తు ఒకటి ఉండాలి. మన దేశంలో 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది, పరికరాలు మారాయి. ఆ అవసరం మాత్రం మారలేదు.

దీపం ఆరిన గోపురాలు

మద్రాసులో దీపం నాలుగు చోట్ల వెలిగింది. 1796లో సెయింట్ జార్జి కోటలో, ఇప్పుడు మ్యూజియం ఉన్న భవనం మీద నూనె దీపాలు వెలిగించారు. 1844లో కోటకు ఉత్తరాన గ్రీకు పద్ధతిలో నిలువెత్తు రాతి స్తంభం కట్టి దీపం అక్కడికి మార్చారు. 1894లో హైకోర్టు భవనపు గుమ్మటం మీదికి ఎక్కించారు. 1977 నుంచి మెరీనా ఒడ్డున మూడు పలకల ఎర్ర తెల్ల గోపురం ఆ పని చేస్తోంది. హైకోర్టు ఆవరణలో ఆ 1844 స్తంభం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. దాని రాతిపని మెరీనా గోపురానికి లేదు. అయినా రాత్రి ఓడలు చూసేది మెరీనా వైపే.

మహాబలిపురంలో ఈ తేడా పక్కపక్కనే కనపడుతుంది. మహిషాసురమర్దిని గుహ మీది కొండ బండపై పల్లవుల నాటి ఓలక్కణ్ణేశ్వరాలయం ఉంది. అక్కడ పూర్వం మంట వెలిగించి పడవలకు దారి చూపేవారని చెబుతారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ గుడి పైనే దీపం నడిపారు. తర్వాత పక్కనే గుండ్రటి రాతి గోపురం కట్టి 1904 నుంచి దీపాన్ని అందులోకి మార్చారు. ఇరుకు మెట్లెక్కి పైకి పోతే పాత గుడి కప్పు కింద, మన కాళ్ల దగ్గర ఉన్నట్టు కనపడుతుంది. గుడి శిల్పంగా బతికింది, లైట్‌హౌస్ పనిగా బతికింది. రెండూ కాపాడుకోదగ్గవే. కానీ దేన్ని ఏ విధంగా కాపాడుతున్నామో మనకు తెలిసి ఉండాలి. కళాకారుల ఇళ్ల విషయంలో మనం గజిబిజి పడేది ఇక్కడే.

లైట్‌హౌస్ దగ్గర నుంచి కళాకారుడి ఇంటికి దారి వేసిన మనిషి ఒకరున్నారు. స్కాట్లండ్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ లైట్‌హౌస్ ఇంజనీర్ల వంశంలో పుట్టాడు. అలల్లో మునిగే బండ మీద కట్టి 1811లో వెలిగించిన బెల్‌రాక్ దీపం ఆయన తాతగారి పని. మనవడు ఇంజనీరింగు చదువు వదిలి కలం పట్టాడు. పసిఫిక్ దీవుల్లో, సమోవాలో ఆయన చివరి రోజులు గడిపిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. తాత రాతితో చేసిన పనినే మనవడు మాటలతో చేశాడని నేను నమ్ముతాను.

కడపలో బ్రౌన్ తోట

మా జిల్లా కేంద్రంలోనే అలా మాటలతో పని జరిగిన చోటు ఒకటి ఉంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కొలువు మీద కడప వచ్చాడు. తర్వాత మచిలీపట్నం పోయి, 1826లో మళ్లీ కడప చేరాడు. ఊళ్లో తోటతో సహా బంగళా కొన్నాడు. ఆ బంగళాలో ఆయన తన సొంత డబ్బుతో పండితుల్ని, లేఖకుల్ని పెట్టి పని చేయించాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనికి పెద్ద. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవారు.

అక్కడి పనితీరు తెలుసుకోదగ్గది. ఒక కావ్యం తాటాకు ప్రతి ఒకటి దొరికితే దాన్నే అచ్చుకు పంపడం బ్రౌన్ పద్ధతి కాదు. వేర్వేరు ఊళ్ల నుంచి అదే కావ్యానికి ప్రతులు తెప్పించేవాడు. లేఖకుడి చేత కాగితం మీద శుద్ధప్రతి రాయించేవాడు. పద్యాలకు అంకెలు వేయించి, ఒక ప్రతిలో ఉండి మరొక ప్రతిలో లేనివేవో, ఒకే పాదం ఎన్ని రకాలుగా ఉందో పక్కన రాయించేవాడు. పండితులు కూర్చుని ఏ పాఠం నిలుస్తుందో వాదించుకునేవారు. టీకలు, సూచికలు రాయించేవాడు. తాటాకు మీద గంటం జారితే ఒక అక్షరం మారుతుంది, అక్షరం మారితే గణం చెడుతుంది, లేకపోతే అర్థం మారుతుంది. పది ప్రతులు పక్కపక్కన పెడితేనే ఆ జారుడు ఎక్కడ జరిగిందో బయటపడుతుంది. వేమన పద్యాలు 1829లో ఆయన చేతి మీదుగా అచ్చయ్యాయి. 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఆయన పోగుచేసిన వేలాది ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత భాండాగారానికి చేరి నేటికీ పరిశోధకులకు ఆధారంగా ఉన్నాయి.

బ్రౌన్ పోయాక బంగళా పాడుబడింది. ఆ స్థలాన్ని మళ్లీ నిలబెట్టినది జానమద్ది హనుమచ్ఛాస్త్రి. ఊరూరా తిరిగి, చందాలు పోగుచేసి, బ్రౌన్ పనిచేసిన ఆ నేల మీదే గ్రంథాలయం కట్టించారు. 2006 నుంచి అది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. బంగోరె పేరుతో తెలిసిన బండి గోపాలరెడ్డి బ్రౌన్ ఉత్తరాలను వెతికి తీసి ఆ మనిషిని మనకు దగ్గర చేశారు. అక్కడికి పోతే బ్రౌన్ కూర్చున్న గది చూడలేం. కానీ తాటాకు ప్రతులున్నాయి, పుస్తకాలున్నాయి, వాటి ముందు కూర్చుని రాసుకునే విద్యార్థులున్నారు. నేను చూసిన కళాకారుల ఇళ్లన్నిటిలో, గోడ ఒక్కటీ మిగలకపోయినా అన్నిటికంటే నిండుగా ఉన్న ఇల్లు అదే. బ్రౌన్ చేసిన పనే అక్కడ జరుగుతోంది కనుక.

రాజమండ్రిలో రంగు, విజయనగరంలో మాట

రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి పోయేవాళ్లు కొంచెం తీరిక పెట్టుకుని పోవాలి. 1897లో పుట్టిన రామారావు 1925లో మశూచితో చనిపోయారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని విద్యను గుర్తించి, బొంబాయి జె.జె. స్కూలు దారి పట్టించారు. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యులే.

రామారావు బొమ్మల ముందు నిలబడితే రెండు విద్యలు ఒకచోట కలవడం కనపడుతుంది. బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణం ఒకటి. భుజం ఎక్కడ వంగుతుంది, బరువు ఏ కాలి మీద పడుతుంది, నీడ ఎక్కడ మొదలవుతుంది అన్న లెక్క అది. భారతీయ చిత్రాల గీత రెండోది. బొమ్మ అంచుల్ని నీడతో కాకుండా పారే రేఖతో పట్టుకోవడం దాని పద్ధతి. ఆయన నీటిరంగుల్లో ఈ రెండూ ఒకదాన్నొకటి మింగేయవు. 'పుష్పాలంకరణ'లో ఆడవాళ్ల మెడ వంపు, చేతుల కదలిక ఒక లయలో నడుస్తాయి. ఆ వంటికి మాత్రం నిజమైన మనిషి బరువు ఉంటుంది. ప్రయాణాల్లో ఎదురుపడ్డ మనుషుల్ని ఆయన గీసుకుంటూ పోయేవారు. ఆ గీతలే పెద్ద బొమ్మలకు పునాది. 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల మొదలుపెట్టారు. రెండేళ్లకే ఆయన పోతే ఆ దీపం అక్కడితో ఆరిపోవాలి. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరదా వెంకటరత్నం దాన్ని ఆరనివ్వలేదు. బొమ్మల్ని చెల్లాచెదురు కానివ్వకుండా కాపాడారు, పిల్లలకు గీయడం నేర్పారు. ఒక చిత్రకారుడి పనిలో ఎక్కువ భాగం ఆయన సొంత ఊళ్లోనే చూడగలగడం తెలుగువాళ్లకు దక్కిన అరుదైన భాగ్యం. అది వాళ్ల చలవే.

అదే ఊళ్లో కందుకూరి వీరేశలింగం ఇల్లు కూడా ఉంది. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం ఆ ఇంట్లోనే జరిగింది. ఆయన రాసిన అక్షరమూ చేసిన పనీ ఒకే కప్పు కింద ఉండేవని ఆ గదుల్లో నిలబడితే తెలుస్తుంది.

విజయనగరంలో గురజాడ అప్పారావు ఇల్లు చింతపల్లి లైట్‌హౌస్‌కు ఎంతో దూరం లేదు. 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శనకెక్కింది, 1897లో అచ్చయింది. అంతటితో ఆయన చేతులు దులుపుకోలేదు. మళ్లీ మొదటి నుంచి పట్టుకుని, పాత్రల్ని పెంచి, సంభాషణలు తిరగరాసి 1909లో ఇంచుమించు కొత్త నాటకంగా తెచ్చారు. మధురవాణి మాట, గిరీశం మాట, బుచ్చమ్మ మాట వేర్వేరు. పేరు చూడకుండా చదివినా ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. లైట్‌హౌస్ మెరుపుల నడకను బట్టి దీపం పేరు చెప్పినట్టే. ఆ మాటలు ఆయన పుస్తకాల్లోంచి ఎత్తుకున్నవి కావు, విజయనగరం వీధుల్లో చెవిన పడ్డవి. ఆ ఇంటి నుంచి బయటికి వచ్చి, అదే వీధుల్లో జనం మాటలు వింటూ నడిస్తే గురజాడ పనితనం ఏమిటో ఇంకా బాగా అర్థమవుతుంది.

తిరువయ్యారు నేర్పిన పాఠం

తెలుగువాడి ఇల్లు తెలుగు నేల మీదే ఉండాలని లేదు. త్యాగరాజస్వామి 1767లో పుట్టి, 1847 జనవరిలో కావేరి ఒడ్డున తిరువయ్యారులో సమాధి అయ్యారు. అదే ఏడాది మన ఉత్తరాంధ్ర తీరంలో శాంతపిల్లి దీపం వెలగడం కాకతాళీయమే అయినా నాకు ఆ రెండూ కలిసే గుర్తుంటాయి.

ఆయన రాజాస్థానం ఒప్పుకోలేదు. ఉంఛవృత్తి చేస్తూ, తంబుర పట్టుకుని వీధుల్లో పాడుకుంటూ బతికారు. పాటలు శిష్యుల గొంతుల్లో, తాటాకుల్లో నిలిచాయి. ఉమయాళ్‌పురం, తిల్లస్థానం, వాలాజాపేట శిష్య పరంపరలు మూడు దారుల్లో ఆ కృతుల్ని ముందుకు నడిపాయి. ఒకే కృతికి ఈ మూడు దారుల్లో సంగతులు కొంచెం వేరుగా ఉంటాయి. అది లోపం కాదు. గురువు ఒక పాదాన్ని చిన్నగా మొదలుపెట్టి, ఒక్కో ఆవర్తనంలో కొత్త వంపు చేర్చుకుంటూ విస్తరించే పద్ధతే సంగతి. దాన్ని విన్న శిష్యుడి గొంతు, జ్ఞాపకం కూడా ఆ కట్టడంలో భాగం.

ఆయన సమాధి పాడుబడి ఉంటే బెంగళూరు నాగరత్నమ్మ తన నగలు, ఆస్తి అమ్మి 1920లలో అక్కడ గుడి కట్టించింది. దేవదాసీ కులంలో పుట్టిన ఆమెను, ఆడది కనుక అక్కడ ఏటా జరిగే త్యాగరాజ ఆరాధనలో పాడనివ్వలేదు. ఆమె ఆడవాళ్లను కూడగట్టి వేరే బృందంగా పాడించింది. కొన్నేళ్లకు బృందాలన్నీ ఒకటయ్యాయి. ముద్దుపళని 'రాధికాసాంత్వనం' పూర్తి పాఠాన్ని 1910లో అచ్చు వేయించింది కూడా ఈ నాగరత్నమ్మే. తెలుగుకు ఆమె చేసిన మేలు రెండు చేతుల్లో పట్టదు.

ఇప్పుడు ఏటా పుష్య బహుళ పంచమి నాడు వందల మంది విద్వాంసులు ఎదురెదురుగా కూర్చుని పంచరత్న కృతులు పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఐదూ ఘనరాగాలే. పల్లవి, అనుపల్లవి తర్వాత చరణాలన్నీ స్వరసాహిత్యాలుగా నడుస్తాయి. ముందు స్వరం, వెంటనే అదే స్వరం మీద మాట. ఈ కట్టుబాటు వల్లే అంతమంది గొంతులు ఒకచోట కలవగలుగుతాయి. ఎవరికి వారు మనోధర్మం చూపే సంగీతంలో వ్యక్తి ముందుకు వస్తాడు, ఇక్కడ పాట ముందుకు వస్తుంది. భాష రాని తమిళ పిల్లలు, మలయాళ పిల్లలు ఆ తెలుగు మాటల్ని ఒక్కో అక్షరం పట్టుకుని నేర్చుకుంటారు. మన మాటను మనకంటే శ్రద్ధగా పలుకుతారు. స్వామి ఉన్న పాత ఇల్లు ఇప్పుడు అలాగే లేదు. పాట అలాగే ఉంది. అలా ఉండడం కోసం వేలాది ఇళ్లలో రోజూ సాధన జరుగుతోంది.

ఇక మన వంతు

ఇదంతా చూసి మా ఊరికి తిరిగివచ్చాక, మన చుట్టుపక్కల ఏముందో కొత్తగా కనపడింది. ప్రొద్దుటూరులో పుట్టపర్తి నారాయణాచార్యులు అగస్త్యేశ్వరాలయంలో 'శివతాండవం' రాశారు. 1914లో అనంతపురం జిల్లాలో పుట్టిన ఆ మహాపండితుడి పేరు ఆ కావ్యంతోనే ఇంటింటికీ చేరింది. అది కళ్లతో చదివితే సగమే దక్కుతుంది. నాట్యంలోని జతుల లయ మీద కట్టిన మాటలవి, గొంతెత్తి చదివితేనే వాటి అడుగులు లేస్తాయి. కనుక ఆయనకు గుర్తుగా కావలసింది ఏటా ఆ గుడి ఆవరణలోనే మృదంగంతో జరిగే గానం. ప్రొద్దుటూరు బడిపిల్లలు ఆ లయను చిన్నప్పుడే నోట పట్టుకోవాలి. అర్థం తర్వాత వస్తుంది, తిరువయ్యారులో వచ్చినట్టే.

మా వైపు కమలాపురం ప్రాంతంలోని రంగశాయిపురంలో 1939లో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి కథలు రాశారు, కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేశారు. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు, 2023లో కన్నుమూశారు. ఆయన పనిని ముందుకు తీసుకుపోవడానికి భవనం అక్కర్లేదు. వీరపునాయునిపల్లె మండలంలో ఒక్కో హైస్కూలు పిల్లలు తమ ఊరి చేల పేర్లు, బావుల పేర్లు, వంకల పేర్లు, గుట్టల పేర్లు పెద్దల్ని అడిగి రాసుకుంటే చాలు. తాత చెప్పిన పేరు ఒకటి, పక్కింటి అవ్వ చెప్పిన పేరు ఇంకొకటి అయితే రెండూ రాయాలి, బ్రౌన్ పండితులు పాఠభేదాలు రాసినట్టు. రిజర్వాయర్లు, రోడ్లు, గనులు వచ్చి నేల ఆకారమే మారుతున్న చోట ఆ పేర్లు మరో తరం ఆగవు. ఇవాళ అడిగితే చెప్పే అవ్వలు ఇంకా అరుగుల మీద ఉన్నారు.

ప్రసిద్ధుల ఇళ్లు కొనడానికి, బాగుచేయడానికి డబ్బు కావాలి, ప్రభుత్వం పూనుకోవాలి. అది అడగాల్సిందే, అడుగుతూనే ఉండాలి. కానీ తాళం వేసిన ఇల్లు ఎంత బాగా సున్నం కొట్టినా హైకోర్టు ఆవరణలోని స్తంభం లాంటిదే. చూడ్డానికి ఘనంగా ఉంటుంది, దారి చూపదు. ఏ కళాకారుడి ఇంటికైనా నేను మూడు ప్రశ్నలతోనే పోతాను. ఇక్కడ ఆయన చేసిన పని ఇప్పుడు ఎవరైనా చేస్తున్నారా? ఆ పని ఎలా చేశారో చూపించేవాళ్లు ఉన్నారా? పిల్లలు వచ్చి చేయి పెట్టి నేర్చుకోగలరా? మూడింటికీ అవును అని జవాబొస్తే ఆ ఇంటికి ఢోకా లేదు. ఒక్కదానికైనా లేదు అని వస్తే అక్కడే మనం పూనుకోవాలి.

లైట్‌హౌస్‌లో గాజు తుడిచే పని రోజూ ఎవరో ఒకరు చేశారు కనుకే ఇన్ని వేల ఓడలు ఒడ్డు చేరాయి. తెలుగులో కవిత్వానికి, కథకు, పాఠపరిశోధనకు ఆ పని చేసినవాళ్లు హనుమచ్ఛాస్త్రి, బంగోరె లాంటివాళ్లు. వాళ్ల తర్వాతి వరుసలో నిలబడడానికి పెద్ద చదువు అక్కర్లేదు, పెద్ద డబ్బు అక్కర్లేదు. వారంలో ఒక పూట, తలా ఒక పని పట్టుకుంటే చాలు. ప్రొద్దుటూరులో 'శివతాండవం' గొంతెత్తి నేర్పేవాళ్లు, కడపలో తాటాకు చదవడం నేర్చుకునేవాళ్లు, వీరపునాయునిపల్లెలో చేల పేర్లు రాసుకునేవాళ్లు కావాలి. ఈ ఏడాదే మొదలుపెడదాం.